కుదురు లేని పిల్లలు ఇద్దరు

మా బాచుపల్లిలో మూడిళ్ల అవతల ఉండే కుర్రాడికి, కుర్రాడంటున్నాను గానీ నలభైకి రెండేళ్లే తక్కువ, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్య ఒక మానసిక వైద్యుణ్ణి కలిశాడు. ఆయన గంటసేపు విని, చివర్లో ఇంటిపని ఇచ్చాడు: పన్నెండేళ్లు రాకముందు మీరెలా ఉండేవారో మీ అమ్మగారిని అడిగి రాసుకురండి, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే మరీ మంచిది. ఆ రాత్రి అతను రేపల్లెలోని అమ్మకు ఫోన్ చేశాడు. అవతల ముందు నవ్వు వినిపించింది. ఆ వెనకే, "ఒకసారి ఏం చేశావో తెలుసురా?" అంటూ ఒక కథ. అది అయ్యీ అవకముందే ఇంకో "ఒకసారి". స్పీకర్ పెట్టుకుని కాగితం నిండా రాసుకున్నాడు. మర్నాడు ఆ కాగితాన్నీ డాక్టరిచ్చిన ప్రశ్నపత్రాన్నీ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఈ రెండూ ఒకే పిల్లాడి గురించేనా మాష్టారూ?" అన్నాడు.

నాకు వైద్యం తెలియదు. అతనికున్నది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస లోపంతో కూడిన అతిచలనం, అవునో కాదో తేల్చే పని నాది కాదు. కానీ ఒకే వస్తువు మీద రెండు రచనలు చేతికొస్తే పక్కపక్కన పెట్టుకుని చదవడం నా పాత అలవాటు.

మొదట శైలి చూద్దాం. అమ్మ కథలన్నిటికీ ఎత్తుగడ 'ఒకసారి'. ఒకసారి నూనె తెమ్మని కొట్టుకు పంపితే గారడీవాడి దగ్గర ఆగిపోయి, రెండు గంటల తర్వాత సీసా కూడా లేకుండా వచ్చాడు. ఒకసారి గొడుగు పట్టుకుని పిట్టగోడ మీంచి దూకాడు. ఒకసారి లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి చూడకుండానే అందరికంటే ముందు ఇంటికొచ్చి గోళీలాడుకున్నాడు. డాక్టరు కాగితంలోనో, 'ఒకసారి'కి చోటే లేదు. అక్కడ రాజ్యమేలే మాట 'తరచు'. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి డీఎస్ఎం గ్రంథం ఈ స్థితికి 18 లక్షణాలు చెబుతుంది: ధ్యాస నిలవకపోవడానికి 9, ఆగని కదలికకూ తొందరపాటుకూ కలిపి 9. ఇంచుమించు అన్నిటికీ 'తరచు' తోడుంటుంది. తరచు వస్తువులు పోగొట్టుకోవడం, తరచు పని మధ్యలో వదిలేయడం, తరచు కూర్చున్నచోట కూర్చోలేకపోవడం. ఒక రోజును మిగతా రోజుల్లోంచి ఏరి పక్కన పెడితే కథ అవుతుంది. ఏ రోజునూ ఏరకుండా కుప్పగా చూస్తే రోగనిర్ధారణ అవుతుంది. అమ్మ జల్లెడలో వింత నిలుస్తుంది, డాక్టరు జల్లెడలో అలవాటు నిలుస్తుంది.

ఈ రెండు జల్లెడలకూ చెరో గొప్ప పూర్వగ్రంథం ఉంది. ఇంటి కథకు పరాకాష్ఠ మనకు తెలిసిందే, ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'. 1956-57 ప్రాంతంలో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది మొదలు, బాపు గీసిన ఆ బుడతణ్ణి చూడని తెలుగు ఇల్లు తక్కువ. క్లినిక్ కథకు ముత్తాత మనవాళ్లలో కొద్దిమందికే తెలుసు. అతని పేరు ఫిలిప్, ఊరు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్. హైన్రిష్ హాఫ్‌మన్ అనే డాక్టరు 1844 క్రిస్మస్‌కు మూడేళ్ల కొడుక్కి బొమ్మల పుస్తకం కొందామని వెళ్లి, దొరికినవేవీ నచ్చక, ఒక ఖాళీ నోటుపుస్తకం కొనుక్కొచ్చి తానే రాసి, తానే బొమ్మలు గీశాడు. అది 1845లో అచ్చయింది. 'స్ట్రూవెల్‌పేటర్' అని తర్వాత ప్రపంచమంతా తెలిసింది. తరువాతి ముద్రణల్లో అందులోకి ఫిలిప్ వచ్చి చేరాడు. భోజనాల బల్ల దగ్గర ఇవాళైనా కుదురుగా కూర్చుంటాడా అని తండ్రి సందేహం. తల్లి మాట్లాడదు, బల్ల చుట్టూ చూస్తూ ఉంటుంది. పిల్లాడు కుర్చీని ముందుకూ వెనక్కూ ఊపి, ఊపి, పడబోతూ బల్ల మీది గుడ్డ పట్టుకుంటాడు. గిన్నెలూ రొట్టే అన్నీ నేలపాలు. తల్లిదండ్రులకు కోపం, పైగా పస్తు. ఫిలిప్ గుడ్డ కింద కప్పబడిపోయి ఉంటాడు. కథ అంతే.

ఈ ఇద్దరిలో ఎవరికీ రోగం అంటగట్టకూడదని ముందే మనవి. ఫిలిప్‌ను సృష్టించినవాడు 1851 నుంచి ఆ ఊరి మానసిక చికిత్సాలయానికి అధిపతి అయిన మాట నిజమే. అయినా పిల్లల కోసం ఆయన రాసింది కేస్ షీటు కాదు, నవ్వించి భయపెట్టే బొమ్మల కథ. అలాగే రమణ రాసింది ఆరోగ్యంగా, గడుసుగా, కోతలు కోస్తూ తిరిగే పిల్లవాణ్ణి. పుస్తకంలో పాత్రకు రక్తపరీక్ష చేయలేం. చేయగలిగిందల్లా, అలాంటి పిల్లవాణ్ణి ఒక్కో సమాజం ఎలా చూసిందో పరీక్షించడం.

చూపు దగ్గరే ఇద్దరూ విడిపోతారు. బుడుగు కథ చెప్పేది బుడుగే. అమ్మా నాన్నా, బామ్మా, బాబాయీ, రెండుజెళ్ళ సీతా, పక్కింటి పిన్నిగారూ, ప్రైవేటు మేష్టర్లూ అందరూ అతని కంటిలోంచే కనబడతారు. పరీక్షించేవాడు అతను, పరీక్షకు నిలబడేది పెద్దవాళ్లు. ఫిలిప్‌కో, కథ మొత్తంలో ఒక్క మాట లేదు. తండ్రి అంటాడు, తల్లి చూస్తుంది, కవి వర్ణిస్తాడు, గుడ్డ కప్పేస్తుంది. ఇంకో తేడా, బల్ల చుట్టూ ఉన్న తలల లెక్క. ఫ్రాంక్‌ఫర్ట్ బల్ల దగ్గర ముగ్గురే, తండ్రి విసుగు పంచుకునే నాలుగో మనిషి లేడు. బుడుగు ఇంట్లో ఒకరు కసిరితే వెనకేసుకురావడానికి బామ్మ ఉంది. అల్లరి బరువు ఆరుగురి మీద పడితే ముచ్చట, ఇద్దరి మీద పడితే ముప్పు. మా బాచుపల్లి అపార్టుమెంట్లలో సాయంత్రం ఏ ఫ్లాటు తలుపు తట్టినా ఇప్పుడు కనిపించేది బుడుగు ఇల్లు కాదు, ఆ ముగ్గురి బల్లే.

విడిపోయినట్టే కలుస్తారు కూడా. బుడుగు మన ఇళ్లలో సామాన్య నామవాచకం అయిపోయాడు, గడుగ్గాయి ఎవడైనా బుడుగే. అలాగే జర్మనీలో కుదురుగా కూర్చోని ప్రతి పిల్లవాడూ 'త్సాపెల్ ఫిలిప్', అంటే గింజుకునే ఫిలిప్. ఏడీహెచ్‌డీ గురించి రాసేటప్పుడు అక్కడి పత్రికలు నేటికీ ఆ పేరే తలుచుకుంటాయి. ఇద్దరూ కలిగిన ఇంటి పిల్లలే. ఒకడికి ప్రైవేటు మేష్టర్లు, ఇంకొకడికి గుడ్డ పరిచిన భోజనాల బల్ల. అదే చాంచల్యం పశువులు కాసే కుర్రాడిలో కనిపిస్తే దానికి 'అల్లరి' అన్న ముద్దుపేరు దక్కలేదు, 'పనికిమాలినవాడు' అన్న పేరు దక్కింది. ఇటు ఇంటి కథ అతన్ని వదిలేసింది, అటు క్లినిక్ కూడా నగరంలో ఉండి ఫీజు కట్టగలిగినవాడికే ముందు తలుపు తీసింది.

ఇద్దరికీ ఉన్న అతి పెద్ద పోలిక, ఎవరూ పెరగకపోవడం. బుడుగు పదో తరగతికి రాడు. ఫిలిప్ గుడ్డ కింద నుంచి లేవడు. గుర్తింపు లేకుండా, వైద్యం లేకుండా పెరిగి పెద్దవాళ్లయినవాళ్ల కథ సరిగ్గా అక్కడ, రెండు పుస్తకాలూ మూసుకున్నచోట మొదలవుతుంది.

మిగతా భాగం జరిగేది మా ఊళ్లోనే. 1995లో వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాక బాచుపల్లి చదువుల ఊరయింది. ఆ తర్వాత నిజాంపేట దాకా ఇంటర్మీడియట్ హాస్టళ్లు లేచాయి. మా కుర్రాడు ఇరవై ఏళ్ల కిందట రేపల్లె నుంచి వచ్చి దిగింది అలాంటి ఒక హాస్టల్లోనే. తెల్లవారకముందే గంట, స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకులు. ఇక్కడ నాకు భాగవతం గుర్తొస్తుంది. గోపికలు యశోదకు మోసుకొచ్చిన ఫిర్యాదుల చిట్టాను మించిన స్కూలు డైరీ ప్రపంచంలో లేదు. ఆ తల్లి చివరికి చేసిందేమిటి, తాడు తెచ్చి రోలుకు కట్టడం. ఆ తాడు ప్రతిసారీ రెండంగుళాలు తక్కువ పడుతుంది. హాస్టల్ తాడు మాత్రం తక్కువ పడలేదు. గంట మోగినంత కాలం అతను చదివాడు, ర్యాంకు వచ్చింది. ఇంజనీరింగులో గంట లేదు, సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఉద్యోగంలో రోజూ పొద్దున స్టాండప్ కాల్ ఉన్నప్పుడు బాగానే నడిచింది. వర్క్ ఫ్రం హోం వచ్చి అదీ మెసేజీగా మారిపోయాక, తెరిచిన పనుల టికెట్లు తెరిచినట్టే ఉండిపోయాయి. బయటి కట్టు ఊడిన ప్రతిసారీ లోపలి బలహీనత బయటపడింది. స్కూలు వాళ్లు ప్రోగ్రెస్ కార్డులో "తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అని రాశారు. ముప్పై ఏళ్ల తర్వాత మేనేజరు అప్రైజల్‌లో రాసింది దానికి ఇంగ్లీషు అనువాదమే.

తీర్పుల విషయంలోనూ రెండు పక్షాలకూ పెద్ద తేడా లేదు. ఇల్లు బద్ధకం అంది, పొగరు అంది, మరీ విసిగితే "వీణ్ణి ఎర్రగడ్డ తీసుకెళ్లాలి" అంది. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. మన హైదరాబాదు నుడికారంలో అదొక తిట్టు. వైద్యం పేరే తిట్టయినచోట ఏ తల్లి పిల్లాణ్ణి డాక్టరు దగ్గరకు నడిపిస్తుంది? అయితే వైద్యం పుట్టుకతోనే దయగలదనీ అనుకోకూడదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివిలో లోటు లేకుండానే ఇలా ఉండే పిల్లల గురించి ఉపన్యసిస్తూ దానికి 'నైతిక నియంత్రణ లోపం' అని పేరు పెట్టాడు. ఇంట్లో అన్న 'పొగరు'కు అది సూటూ బూటూ తొడిగిన రూపం. 1968లో డీఎస్ఎం దీన్ని 'బాల్యపు అతిచలన ప్రతిచర్య' అంది. 1980లో ధ్యాస లోపం పేరులోకి వచ్చింది, 1987లో ఇప్పటి పేరు స్థిరపడింది. పేరు మారినప్పుడల్లా నేరం కొంచెం కొంచెం పిల్లాడి భుజం మీంచి దిగుతూ వచ్చింది. పెద్దవాళ్ల కోసం ప్రమాణాలు ప్రత్యేకంగా సవరించింది 2013లో. 17 ఏళ్లు నిండినవారికి ఒక్కో జాబితాలో 6 లక్షణాల బదులు 5 చాలన్నారు. 7 ఏళ్లలోపు కనిపించి ఉండాలన్న పాత షరతును 12 ఏళ్లకు పెంచారు. మా కుర్రాడి అమ్మ ఆలస్యం చేసిందని ఎవరైనా అంటే, గ్రంథం కూడా ఆలస్యం చేసిందని నేను గుర్తు చేస్తాను.

ఆడపిల్లల దగ్గర రెండు పక్షాలూ ఇంకా ఆలస్యం చేశాయి. గొడుగుతో దూకే పిల్లాడు కథ అవుతాడు, ఫిర్యాదు కూడా అవుతాడు. కిటికీ పక్కన కూర్చుని ఎక్కడో ఉండే పిల్ల కథా కాదు, ఫిర్యాదూ కాదు. ఇంట్లో ఆమెను 'పరధ్యానం' అని వదిలేశారు. అలాగే క్లినిక్ కూడా చాలాకాలం గంతులేసే మగపిల్లల్నే చూసి, నిశ్శబ్దంగా ధ్యాస జారిపోయే ఆడపిల్లల్ని చూడలేదు. ఇలాంటి స్త్రీలు చాలామంది తమ సంగతి తాము తెలుసుకునేది తమ పిల్లల్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లినప్పుడే.

అయినా మాటల లోతులో మన భాష ఒక్కోసారి గ్రంథాన్ని మించిపోతుంది. 'పరాకు' చూడండి. పరాకుగా ఉండటమంటే ధ్యాస లేకపోవడం. రాజసభలో వంది 'బహుపరాక్' అని అరిస్తే జాగ్రత్తపడమని. ఒకే మాటలో ఏమరుపాటూ ఉంది, మెలకువా ఉంది. ఏడీహెచ్‌డీని ధ్యాస 'లోపం' అనే పేరు సరిగా చెప్పలేని సంగతి ఇదే. గారడీవాడి దగ్గర రెండు గంటలు కన్నార్పకుండా నిలబడ్డ పిల్లాడికి ధ్యాస లేదని ఎలా అంటాం? ఉంది, కావలసినంత ఉంది. నూనె సీసా వైపు దాన్ని తిప్పే చెయ్యే చిక్కలేదు. క్లినిక్ ఇప్పుడు ధ్యాస ఎంత ఉందని కాక ధ్యాసను ఎంతవరకు నడపగలరని అడుగుతోంది, పరాకు అనే మాట పాతకాలం నుంచీ రెంటినీ ఒకే గూట్లో ఉంచుకుంది. వంశం సంగతీ అంతే. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇందులో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని చెబుతాయి. అమ్మ కాగితంలో అదే విషయం ఆరో కథ చివర ఉంది: "అచ్చం మీ తాత పోలికే, ఆయనా ఇంతే."

అయితే ఇంటి మాటకు ఒక జబ్బుంది. "మా కాలంలో అందరం అంతే" అని అన్నిటినీ నవ్వుతో చెరిపేస్తుంది. ప్రశ్నపత్రం వెనక్కి తిప్పని పిల్లాడి కథకు అందరూ నవ్వుతారు. ఆ పిల్లాడు ఆ రాత్రి తనను తాను ఏమని తిట్టుకున్నాడో కథలో ఉండదు. అలాగే క్లినిక్ మాటకూ ఒక జబ్బుంది. పేరు దొరికిన ఉత్సాహంలో మనిషి తన బాల్యమంతా తిరగరాసుకుంటాడు, గొడుగుతో దూకిన సంబరం కూడా లక్షణాల కింద జమ అయిపోతుంది. రెండు చోట్లా, అంటే ఇంట్లోనూ బయటా ఇబ్బంది కనబడాలనీ, దానివల్ల బతుకు నిజంగా దెబ్బతిని ఉండాలనీ గ్రంథమే షరతు పెట్టింది. నిద్ర చాలకపోయినా, ఆందోళన ఉన్నా ఇలాగే ఉండొచ్చు. ఫోన్‌లో నిమిషం వీడియో చూసి తీర్పు చెప్పుకునే కారిడార్ మిత్రులు ఈ షరతుల్ని చదవరు. మందుదీ అదే కథ. ఏడీహెచ్‌డీ మందుల్లో ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం అదుపులో ఉన్న మందు, డాక్టరు చీటీ లేకుండా రాదు. వేసుకున్న కొన్ని గంటలు పనిచేస్తుంది. పోయిన ఇరవై ఏళ్లను మాత్రం ఏ మోతాదూ వెనక్కి తేదు.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ల షరతు దగ్గరకు వద్దాం. నలభై ఏళ్ల మనిషి పన్నెండేళ్లప్పుడు ఎలా ఉండేవాడో స్కాను చెప్పదు, రక్తపరీక్ష చెప్పదు. అమ్మ చెప్పాలి. 'తరచు'తో నడిచే గ్రంథం చివరికి 'ఒకసారి' గుమ్మం ముందు చెయ్యి చాచి నిలబడుతుంది. ఇరవై 'ఒకసారి'లు పోగేస్తేనే ఒక 'తరచు'. అలాగే ఆ ఇరవై కథలూ నవ్వుగా మిగిలిపోకుండా మనిషికి ఉపయోగపడాలంటే వాటిని 'తరచు'గా కూడే మరో చదువరి కావాలి. మా కుర్రాడు ఈ ఇద్దరి మధ్య కూర్చుని, మూడో రచయితగా కలం పట్టాడు. బుడుగులా తన కథ తానే చెప్పుకోవడం, ఫిలిప్ మీది గుడ్డ తీసి చూడటం, ఈ రెండూ అతను ఒకేసారి చేయాల్సి వచ్చింది.

అలా రాసుకుంటుంటే అమ్మ కాగితంలోనూ డాక్టరు కాగితంలోనూ లేనిదొకటి అతనికి తట్టింది. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా సాయంత్రం హోంవర్కు వేళ అమ్మ బెండకాయలో చిక్కుడుకాయలో పళ్లెంలో వేసుకుని అతని పక్కనే కూర్చునేది. చదువు చెప్పేది కాదు, ఆమెకు ఆ లెక్కలు రావు. కూరలు తరుగుతూ ఊరికే కూర్చునేది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్తే అతనూ లేచిపోయేవాడు, అందుకని పళ్లెమే ఇవతలికి తెచ్చుకుంది. ఇలా పక్కన ఒక మనిషి ఉంటే పని సాగడాన్ని ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దలు ఇప్పుడు 'బాడీ డబ్లింగ్' అంటున్నారు. అమ్మ కథల్లో అది లేదు, ఎందుకంటే అది 'ఒకసారి' జరిగింది కాదు, రోజూ జరిగింది. డాక్టరు కాగితంలోనూ లేదు, ఎందుకంటే అందులోని 'తరచు' తప్పిన పనుల్నే అడిగింది.

మళ్లీ ఫోన్ చేసి ఆ పళ్లెం సంగతి అడిగాడట. "ఆ, దానికేముందిరా, నీకు కుదురుండేది కాదు కదా" అందావిడ మామూలుగా.

చిన్నప్పటి నుంచీ వేలసార్లు విన్న ఆ మాటను అతను తిట్టుగానే విన్నాడు, నేనూ అలాగే విన్నాను. కానీ కుదురు అంటే మొదటి అర్థం మనసు లక్షణం కాదు. అడుగు గుండ్రంగా ఉండే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట. కుదురు లేదంటే కుండలో లోపం ఉందని కాదు, కింద చుట్ట లేదని. తాడు వేసి రోలుకు కట్టేయడం వేరు, కుదురు పెట్టడం వేరు. హాస్టలు మొదటి పని చేసింది. రెండో పని రేపల్లెలో ఐదేళ్లపాటు, ఏ పేరూ పెట్టకుండా, కూరగాయల పళ్లెంతో జరిగింది. డాక్టరు ఇప్పుడు మందుతో, అలారంతో, రోజువారీ పట్టికతో అల్లబోతున్నదీ ఆ చుట్టే.

అతను ఫైల్లో మూడో కాగితం కూడా పెట్టి పట్టుకెళ్లాడు. పైన తేదీ వేశాడు. వెనక్కి తిప్పి చూసి, రెండో పేజీ కూడా రాశాడు.